క్లాసిక్ స్పోర్ట్స్ కార్లకు కోట్లకు కోట్లు.. కొంటే నిజంగా లాభమేనా? అసలు లెక్క ఇదీ!

మంటల్లో కాలిపోయింది. నుజ్జునుజ్జయింది. ముందు ఏదో, వెనక ఏదో గుర్తుపట్టడం కూడా కష్టం. చూస్తే ఎవరైనా పాత ఇనుప సామాన్ల కొట్టుకు పంపేయండి అంటారు. అలాంటి కారును 2023 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో వేలానికి పెట్టారు. ఎంతకు పోయిందో తెలుసా? 18 లక్షల 75 వేల డాలర్లు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బుల్లో 15 కోట్ల రూపాయలు పైనే!

అది 1954 నాటి ఫెరారీ 500 మాండియాల్. 1960ల్లో ప్రమాదానికి గురై కాలిపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే స్థితిలో ఉండిపోయింది. అయినా సరే కోట్లు పెట్టి కొనడానికి మనిషి దొరికాడు.

ఇలాంటి వీడియోలు ఇప్పుడు ఫోన్‌లో రోజూ కనిపిస్తున్నాయి. ‘అప్పట్లో వేలల్లో కొన్నాడు, ఇప్పుడు కోట్లకు అమ్మాడు’ అనే రీల్స్‌కు లక్షల్లో వ్యూస్ వస్తున్నాయి. అవి చూసినప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది.. మామూలుగా కారు షోరూమ్ దాటగానే ధర పడిపోతుంది కదా, ఇవి ఎలా పెరుగుతున్నాయ్? మనమూ ఒకటి కొని పెట్టుకుంటే?

దానికి తోడు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పాత కార్ల దిగుమతి నిబంధనలు సడలించింది. దీంతో మన దగ్గర కూడా ఈ చర్చ మొదలైంది. మరి ఇందులో నిజంగా లాభం ఉందా? లేక దూరపు కొండలు నునుపేనా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎంత పెరిగాయ్?

ముందు రికార్డుల సంగతి. ప్రపంచంలో ఇప్పటివరకు అత్యధిక ధర పలికిన కారు మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హాట్ కూపే. 1955 నాటి ఈ కార్లు తయారైనవి రెండే రెండు. 2022 మేలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఒకటి అమ్ముడైంది. ధర 13.5 కోట్ల యూరోలు. మన లెక్కలో సుమారు 1,100 కోట్ల రూపాయలు.

దీని తర్వాత అందరి నోటా వినిపించే పేరు ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే తయారయ్యాయి. కొత్తగా ఉన్నప్పుడు అమెరికాలో దీని ధర సుమారు 18 వేల డాలర్లు. 2014లో ఒక జీటీఓ వేలంలో 3.81 కోట్ల డాలర్లు పలికింది. 2018లో ఇంకోటి 4.84 కోట్ల డాలర్లకు వెళ్లింది. 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన వేలంలో మరొకటి 5.17 కోట్ల డాలర్లు తెచ్చింది. అంటే 430 కోట్ల రూపాయల దాకా!

ఆ న్యూయార్క్ కారు అమ్మిన వ్యక్తి దాన్ని 1985లో 5 లక్షల డాలర్లకు కొన్నారు. 38 ఏళ్లలో వంద రెట్లు. వినడానికి కళ్లు తిరుగుతాయ్. కానీ కాస్త ఆగి చక్రవడ్డీ లెక్క వేయండి. ఏటా సుమారు 13 శాతం వస్తుంది. మంచి రాబడే, కాదనలేం. కాకపోతే ఇది ప్రపంచంలోనే నంబర్ వన్ అనదగ్గ కారు, 38 ఏళ్లు అమ్మకుండా ఓపిక పడితే, ఖర్చులేవీ తీసేయకముందు వచ్చిన లెక్క. మిగతా కార్ల పరిస్థితి ఏంటన్నది దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

అసలు ఎందుకు పెరుగుతున్నాయ్?

మొదటి కారణం చాలా సింపుల్. సరుకు పెరగదు. 250 జీటీఓలు 36 అంటే 36. పోర్షే 911 కరెరా ఆర్ఎస్ 2.7 అంటే 1973 మోడల్, 1,580 తయారయ్యాయి. మెక్‌లారెన్ ఎఫ్1 అన్ని రకాలూ కలిపి 106. కంపెనీ మళ్లీ తయారు చేసినా అది కొత్త కారే అవుతుంది. కొనేవాళ్లు పెరిగి, కార్లు పెరగకపోతే ధర ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

రెండోది చిన్నప్పటి మోజు. కుర్రాడిగా ఉన్నప్పుడు గోడ మీద పోస్టర్ అంటించుకున్న కారును, యాభై ఏళ్లు వచ్చి చేతిలో డబ్బు ఆడినప్పుడు కొనాలనిపిస్తుంది. అందుకే మార్కెట్ తరాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు 1990ల జపాన్ కార్లకు గిరాకీ రావడానికి కారణం ఇదే. వీడియో గేమ్‌లు ఆడి, ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాలు చూసి పెరిగిన తరం చేతికి డబ్బొచ్చింది. 2021లో ఆ సినిమాలో పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు టొయోటా సుప్రా వేలంలో 5.5 లక్షల డాలర్లు పలికింది. 2023లో అదే సిరీస్ కోసం వాడిన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 ఏకంగా 13 లక్షల డాలర్లు దాటేసింది.

మూడోది కొవిడ్ తర్వాతి డబ్బు. వడ్డీలు తక్కువగా ఉన్నాయి, చాలామంది ధనవంతుల ఖర్చులు తగ్గాయి, మార్కెట్లు పెరిగాయి. ఆ డబ్బులో కొంత పెయింటింగ్స్, వాచీలు, పాత కార్ల మీదకు మళ్లింది. నైట్ ఫ్రాంక్ సంస్థ లగ్జరీ ఇండెక్స్ ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే క్లాసిక్ కార్ల విలువ 25 శాతం పెరిగింది.

నాలుగోది ఎలక్ట్రిక్ కార్ల యుగం. శబ్దం లేని కార్లు వస్తున్న కొద్దీ, గేరు చేత్తో మార్చే బండి, ఆ ఇంజిన్ మోత ఇక రాదేమో అన్న బెంగ చాలామంది అభిమానుల్లో ఉంది. ఆ బెంగకు కూడా ఒక ధర పలుకుతోంది.

ధర కారుకా? కథకా?

ఇక్కడే అసలు విషయం ఉంది. మంటల్లో కాలిపోయిన ఫెరారీకి 15 కోట్లు ఎందుకిచ్చారు? ఆ ఇనుముకు కాదు. దాని ఛాసిస్ నంబర్‌కు. ఆ నంబర్ ఫ్యాక్టరీ రికార్డుల్లో ఉంది, ఆ కారు రేసుల్లో పాల్గొన్న చరిత్ర ఉంది. బాడీని మళ్లీ కట్టుకోవచ్చు, చరిత్రను కట్టుకోలేం కదా!

ఇంకో ఉదాహరణ చూడండి. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఫోర్డ్ మస్టాంగ్‌ను 1974లో ఓ అమెరికన్ కుటుంబం 6 వేల డాలర్లకు కొనుక్కుంది. ఇంట్లో మామూలు బండిలాగే వాడారు. ఆ ఇంటావిడ స్కూల్‌కి వెళ్లడానికి కూడా అదే. 2020 జనవరిలో ఫ్లోరిడాలో వేలం వేస్తే, ఫీజులతో కలిపి 37.4 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ ఏడాది తయారైన మస్టాంగ్‌లు లక్షల్లో ఉన్నాయి. వాటికి ఈ ధర ఎవరూ ఇవ్వరు. ఇచ్చిందంతా ఆ సినిమాకు, ఆ హీరోకు.

ఒకే మోడల్‌లో కూడా తేడాలుంటాయి. తలుపులు రెక్కల్లా పైకి లేచే మెర్సిడెస్ 300 ఎస్ఎల్ గల్‌వింగ్ చూసే ఉంటారు. 1954 నుంచి 1957 వరకు 1,400 తయారయ్యాయి. వాటిలో అల్యూమినియం బాడీతో వచ్చినవి 29 మాత్రమే. 2022లో అలాంటి అల్యూమినియం కారు ఒకటి 68 లక్షల డాలర్లు దాటింది. మామూలు స్టీల్ బాడీ గల్‌వింగ్ కూడా ఖరీదైనదే, కానీ ఆ ధరకు చాలా దూరంలో ఆగిపోతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

మన హైదరాబాద్ సంగతే తీసుకోండి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవాళ్లు చాలామందే ఉంటారు. అది స్పోర్ట్స్ కారు కాదు, అమ్మకానికీ లేదు. కానీ అక్కడ నిలబడి ఫొటో దిగే జనం చూసేది ఇంజిన్‌ను కాదు, నిజాం పేరును. క్లాసిక్ కార్ల మార్కెట్ అంతా ఇదే సూత్రం మీద నడుస్తుంది.

కాబట్టి రీల్‌లో కనిపించే రికార్డు ధర ఆ ఒక్క కారుది. అదే పేరున్న మరో కారుది కాదు. పెద్దగా కథ లేని, ఎక్కువ సంఖ్యలో తయారైన పాత స్పోర్ట్స్ కారు కొని, రికార్డు కారు ధరను చూసి లాభం లెక్కేసుకుంటే మునిగిపోవడం ఖాయం.

పెరగడమేనా? పడిన రోజులూ ఉన్నాయ్

1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయారు. ఇక ఆయన చేతి మీదుగా కార్లు రావన్న ఆలోచనతో, అప్పటికే వేడి మీదున్న మార్కెట్ మరింత పేలిపోయింది. అప్పట్లో జపాన్‌లో డబ్బు పొంగిపొర్లుతోంది. 1989లో ఒక 250 జీటీఓ 1.3 కోట్ల డాలర్లకు పైగా చేతులు మారింది. తర్వాత బుడగ పేలింది. 1990ల మధ్యకు వచ్చేసరికి జీటీఓ ధర 40 లక్షల డాలర్ల లోపుకు జారిపోయింది. అంటే ప్రపంచంలోనే బెస్ట్ కారు కొన్నవాళ్ల డబ్బు కూడా మూడింట రెండొంతులకు పైగా ఆవిరైంది. అప్పు తెచ్చి కొన్నవాళ్ల గతి ఏమై ఉంటుంది?

ఈ మధ్య సంగతే చూద్దాం. నైట్ ఫ్రాంక్ లెక్కల్లో 2022లో 25 శాతం పెరిగిన క్లాసిక్ కార్లు, 2023లో 6 శాతం తగ్గాయి. 2024లో పెరిగింది 1.2 శాతమే. 2023 చివరి నాటికి పదేళ్ల పెరుగుదల 82 శాతం. వినడానికి పెద్ద అంకెలా ఉన్నా, ఏటా సగటు తీస్తే 6 శాతం కాస్త పైన. అందులోంచి ఇన్సూరెన్స్, రిపేర్లు, వేలం సంస్థ కమీషన్ పోవాలి.

పైన చెప్పిన జీటీఓ లెక్కలనే ఇంకోలా చూడండి. 2018లో 4.84 కోట్ల డాలర్లు, 2023లో 5.17 కోట్ల డాలర్లు. రెండూ వేర్వేరు కార్లే అయినా, తేడా 7 శాతం లోపే. అదే ఐదేళ్లలో అమెరికాలో సాధారణ ధరలు 20 శాతానికి పైగా పెరిగాయి. అంకె రికార్డే, కానీ కొనుగోలు శక్తి లెక్కలో చూస్తే పెరిగిందని చెప్పలేం.

తరం మారితే మోజు కూడా మారుతుంది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ ఒకప్పుడు ప్రతి కలెక్టర్ కల. 70 వేలకు పైగా తయారయ్యాయి. ఆ కారు మీద మోజున్న తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. కొనేకంటే అమ్మేవాళ్లే పెరిగారు. కొన్నేళ్ల క్రితం నాటి శిఖర ధరలు ఇప్పుడు ఈ-టైప్‌కు లేవు. కారు అందంలో ఏ మార్పూ లేదు, కావాలనుకునేవాళ్లు మారారు. ఇవాళ కుర్రాళ్లు ఎగబడుతున్న స్కైలైన్‌కు ముప్పై ఏళ్ల తర్వాత ఇదే పరిస్థితి రాదని గ్యారెంటీ ఏమీ లేదు.

కొనడం ఒకెత్తు.. మేపడం ఇంకో ఎత్తు

మన ‘మిస్టర్ బీన్’ రోవన్ అట్కిన్సన్ కథ ఇక్కడ చెప్పుకోవాల్సిందే. ఆయన 1997లో మెక్‌లారెన్ ఎఫ్1ను 6.4 లక్షల పౌండ్లకు కొన్నారు. మ్యూజియంలో దాచినట్టు దాచలేదు, హాయిగా రోడ్ల మీద నడిపారు. రెండుసార్లు యాక్సిడెంట్ అయింది. 2011లో జరిగిన రెండో ప్రమాదం తర్వాత రిపేర్ బిల్లు 9.1 లక్షల పౌండ్లు వచ్చింది. అంటే కొన్న ధర కంటే ఎక్కువ! ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి బయటపడ్డారు. 2015లో ఆ కారును అమ్మితే 80 లక్షల పౌండ్లు వచ్చాయి. చివరకు లాభమే. కానీ ఆ ఒక్క బిల్లు సొంత జేబులోంచి కట్టాల్సి వస్తే ఎలా ఉండేదో ఆలోచించండి.

మామూలు కారు షెడ్డులో పెట్టి తాళం వేస్తే ఆరు నెలలు అలాగే ఉంటుంది. పాత స్పోర్ట్స్ కారు అలా ఊరుకోదు. కదలకుండా ఉంటే టైర్లు చదునవుతాయి, సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, కార్బురేటర్‌లో పెట్రోల్ జిగురులా తయారవుతుంది. నడిపితే అరుగుదల, నడపకపోతే తుప్పు. మన తీర ప్రాంతాల్లో ఉప్పు గాలి, తేమ ఉంటాయి కాబట్టి తుప్పు సమస్య ఇంకా ఎక్కువ.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలే దొరుకుతోంది. పాత కార్ల ట్యాంకులు, రబ్బరు పైపులు, గాస్కెట్లు ఇథనాల్ కోసం తయారు చేసినవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది. అంటే కారు కొన్న రోజే ఇంధనం వెళ్లే దారి మొత్తం చూపించుకోవాలి, అవసరమైతే మార్చుకోవాలి. మళ్లీ ఇక్కడో చిక్కు ఉంది. మార్చిన కొద్దీ కారు ‘ఒరిజినల్’ అన్న పేరు పోతుంది, ఆ పేరుతో పాటే ధర కూడా.

పార్టులు, మెకానిక్ సంగతి సరేసరి. సన్నని దారం లాంటి తేడాతో ట్యూన్ చేసే చేయి అన్ని ఊళ్లలో దొరకదు. చిన్న పార్ట్ కోసం ఇంగ్లండ్‌కో, జర్మనీకో ఆర్డర్ పెట్టాలి, కస్టమ్స్ కట్టాలి, నెలల తరబడి ఎదురు చూడాలి.

మన దేశంలోకి తెచ్చుకోవాలంటే?

ఇంతకుముందు విదేశాల నుంచి వింటేజ్ కారు తెచ్చుకోవాలంటే అది 1950కి ముందు తయారైనదై ఉండాలి. 2025 ఫిబ్రవరిలో ఈ రూల్ మారింది. 50 ఏళ్లు నిండిన కారైతే చాలు, లైసెన్స్ లేకుండా తెచ్చుకోవచ్చు. ఏటా ఆ గీత ఒక్కో సంవత్సరం ముందుకు జరుగుతుంది. దీంతో 1960ల ఈ-టైప్‌లు, మస్టాంగ్‌లు, 1973 పోర్షే లాంటి కార్లకు తలుపు తెరుచుకుంది.

కానీ రీల్స్‌లో కనిపించే కార్లన్నీ రావు. ఫెరారీ ఎఫ్40 మొదట వచ్చింది 1987లో, కాబట్టి ఈ దారిలో 2037 దాకా ఆగాలి. స్కైలైన్ ఆర్34 వచ్చింది 1999లో, అంటే 2049! అమెరికాలో ఉన్న మనవాళ్లకు అక్కడ 25 ఏళ్ల రూల్ ఉంది కాబట్టి ఆర్34లు 2024 నుంచి అందుబాటులోకి వచ్చాయి. అక్కడ కొనుక్కుని, ఇండియాకు వచ్చేటప్పుడు ఈ వింటేజ్ రూల్ కింద తెచ్చుకుందాం అంటే మాత్రం కుదరదు.

ఇక అసలు మెలిక పన్నులు. కస్టమ్స్, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపితే కారు ఇన్వాయిస్ ధరకు రెండు రెట్ల పైనే అవుతుందని ఆ నిర్ణయం వచ్చినప్పుడే ఆటో రంగంలో లెక్కలు వేశారు.

ఉదాహరణకు ఓ లెక్క వేద్దాం. విదేశంలో 50 లక్షల విలువైన కారు ఉందనుకోండి. పన్నులు సరిగ్గా రెండు రెట్లే అనుకుందాం, అంటే కోటి. మీ ఇంటికి చేరేసరికి ఖర్చు కోటిన్నర. ఓడ ఖర్చు, ఏజెంట్ ఫీజు వేరే. ఇప్పుడు అంతర్జాతీయ మార్కెట్ బ్రహ్మాండంగా పెరిగి, పదేళ్లలో మళ్లీ 82 శాతం పెరిగిందనుకుందాం. ఆ కారు అసలు విలువ 91 లక్షలు. మీరు పెట్టింది కోటిన్నర. రూపాయి విలువ పడితే కొంత కలిసొస్తుంది, అయినా ఆ గుంత పూడాలంటే కారు విలువ మూడు రెట్లు కావాలి.

ఇక్కడే అమ్మితే పన్నులు కూడా ధరలో కలుస్తాయి కదా అని అడగొచ్చు. నిజమే. కానీ ఆ ధర ఇచ్చే మనిషి దొరకాలి. బంగారం అయితే ఏ ఊళ్లోనైనా, ఎన్ని గ్రాములైనా, అదే రోజు అమ్ముకోవచ్చు. షేర్లు ఫోన్‌లోనే అమ్మేస్తాం. యాభై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారుకు మన దేశంలో కొనుగోలుదారులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. పిల్లాడి ఫీజుకో, ఆస్పత్రి ఖర్చుకో అర్జెంట్‌గా డబ్బు కావాల్సి వస్తే వాళ్లు చెప్పిందే ధర.

నడపకూడదన్నది ఒకరు.. నడపలేదన్నది ఇంకొకరు!

రిజిస్ట్రేషన్ విషయానికొద్దాం. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయకుండా ఒరిజినల్‌గా ఉంచిన బండికి నంబర్ ప్లేట్ మీద ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కు 5 వేలు. అయితే షరతు ఏంటంటే.. ఎగ్జిబిషన్లు, వింటేజ్ ర్యాలీలు, సర్వీసింగ్, పెట్రోల్ కోసం మాత్రమే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకానికి కుదరదు.

మామూలు రిజిస్ట్రేషన్ మీదే నడుపుదాం అంటే, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 10 వేలు. దిగుమతి చేసుకున్న కారైతే ఏకంగా 80 వేలు.

ఇప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు చూద్దాం. సొంతంగా వాడుకునే కారు అమ్మితే వచ్చే లాభం మీద సాధారణంగా పన్ను ఉండదు, ఎందుకంటే అది వ్యక్తిగత వాడుక వస్తువు కిందకు వస్తుంది. వింటేజ్ కారుకూ ఇదే వర్తిస్తుందని చాలామంది నమ్మకం. కానీ 2025లో బాంబే హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ నమ్మకానికి బ్రేక్ వేసింది.

ఆ కేసులో ఓ ఉద్యోగి 1931 నాటి ఫోర్డ్ కారును 1980ల్లో 20 వేలకు కొన్నారు. 1990ల మొదట్లో 21 లక్షలకు అమ్మారు. పన్ను పడదని వాదించారు. ఆఫీసుకు వెళ్లడానికి కంపెనీ కారు వాడేవారని, ఈ కారును సొంతానికి వాడినట్టు ఆధారాల్లేవని తేలింది. వాడుకోవడానికి వీలున్నంత మాత్రాన ప్రతి కారూ వ్యక్తిగత వస్తువు అయిపోదని కోర్టు స్పష్టం చేసింది. పన్ను కట్టాల్సిందేనంది. అమ్మిన మూడు దశాబ్దాల తర్వాత తేలిన వివాదమిది!

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వింటేజ్ నంబర్ తీసుకుంటే రోజూ వాడకూడదు. వాడకపోతే, రేపు అమ్మినప్పుడు ‘మీరు సొంతానికి వాడలేదు కదా, పన్ను కట్టండి’ అనే ప్రశ్న రావొచ్చు. పెట్టుబడి కోసమే కొని షెడ్డులో దాచినవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంకా కష్టం. ర్యాలీలకు వెళ్లిన ఫొటోలు, సర్వీస్ బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు దాచుకోవాల్సిన అవసరం అందుకే. కొనేముందే ఆడిటర్‌ను అడగడం మంచిది.

కాగితాలు సరిగ్గా లేకపోతే కారూ పోతుంది

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ అధికారులు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో దాడులు చేశారు. భూటాన్ నుంచి అక్రమంగా తెచ్చి, ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించారన్న అనుమానంతో పదుల సంఖ్యలో వాహనాలు స్వాధీనం చేసుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందే, విదేశీ కార్ల విలువ తక్కువ చూపించి సుంకం ఎగ్గొట్టారన్న ఆరోపణపై హైదరాబాద్‌కు చెందిన ఓ డీలర్‌ను డీఆర్ఐ అరెస్ట్ చేసింది.

ఇవి ఎక్కువగా లగ్జరీ వాహనాల కేసులే. కానీ పాత స్పోర్ట్స్ కార్లకూ పాఠం ఒకటే. అమ్మినవాడు చేసిన తప్పుకు కారు మీ ఇంటి ముందు నుంచి వెళ్లిపోతుంది. డబ్బులు తిరిగి రాబట్టుకోవడం మీ తలనొప్పి.

మరి కొనొచ్చా? కొనకూడదా?

సూటిగా చెప్పాలంటే, లాభం కోసమే అయితే వద్దు. రికార్డు ధరలు వచ్చే కార్లు మన అందుబాటులో లేవు. అందుబాటులో ఉన్నవి అంత పెరగవు. పెరిగినా ఆ పెరుగుదలను పన్నులు, మెయింటెనెన్స్ ముందే తినేస్తాయి. అప్పు చేసి, ఇల్లు తాకట్టు పెట్టి, పిల్లల చదువు కోసం దాచిన డబ్బు తీసి కొనాల్సిన వస్తువు కాదిది.

ఇష్టంతో అయితే? అది వేరే లెక్క. నడుపుతుంటే వచ్చే ఆనందమే మీ రాబడి అనుకుంటే, ధర పెరిగితే బోనస్, పెరగకపోయినా నష్టం లేదు. అలాంటివాళ్లకు విదేశాల నుంచి తెచ్చుకోవడం కంటే, ఎప్పుడో దశాబ్దాల క్రితమే ఇక్కడికి వచ్చి, ఇక్కడే తిరిగిన కార్లు మేలు. పాత ఎంజీ లాంటి చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఇప్పటికీ మన వింటేజ్ ర్యాలీల్లో కనిపిస్తుంటాయి. వీటికి కొత్తగా దిగుమతి సుంకం బెడద ఉండదు, చరిత్ర కూడా ఇక్కడే ఆరా తీయొచ్చు.

కొనాలని నిర్ణయించుకుంటే ఇవి మాత్రం మరవొద్దు:

1. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్సీతో సరిపోలాలి. పాత కంపెనీలు చాలా వరకు ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా సర్టిఫికెట్ ఇస్తాయి. అది తెప్పించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

2. బయటి నుంచి వచ్చిన కారైతే కస్టమ్స్ కట్టిన బిల్లు ఒరిజినల్ చూడండి. ‘తర్వాత ఇస్తాం’ అంటే అక్కడే ఆగిపోండి.

3. రంగు చూసి మోసపోవద్దు. కారును లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం చూపించుకోండి. కొత్త పెయింట్ కింద పాత తుప్పు దాగి ఉండొచ్చు.

4. ఇన్సూరెన్స్‌లో కారు విలువను ముందే మాట్లాడుకుని పాలసీలో రాయించుకోండి. లేదంటే యాక్సిడెంట్ జరిగినప్పుడు ‘యాభై ఏళ్ల కారుకు ఇంతేనండి’ అంటారు.

5. కొన్న ధర కాకుండా, మొదటి రెండేళ్ల రిపేర్ల కోసం విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి.

6. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ కారుకు రేపు ఒక్క రూపాయి కూడా రాకపోతే నా ఇంటికి ఇబ్బందా, కాదా? ఇబ్బందే అనిపిస్తే ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి.

రికార్డు ధరలకు అమ్మినవాళ్లలో చాలామంది ఆ కార్లను లాభం కోసం కొనలేదు. ఆ మస్టాంగ్ కుటుంబం 6 వేల డాలర్లు పెట్టింది బండి కావాలనే, రేపు లక్షల డాలర్లు వస్తాయని కాదు. ఇప్పుడు ఆ ధరలన్నీ అందరికీ తెలిసిపోయాక, అదే లాభం ఆశించి కొనేవాళ్లు కడుతున్నది మాత్రం పెరిగిపోయిన ధర. కాబట్టి ఈసారి రీల్‌లో పాత ఫెరారీ కోట్లు పలికితే లైక్ కొట్టండి, చూసి ఆనందించండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం ఒక్కసారి కాగితం, పెన్ను తీసి లెక్క వేసుకోండి.